పాతపుస్తకముల బేరము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగ విరమణ చేసిన గృహస్థుడు ప్రభుత్వ నివాసమును ఖాళీ చేయవలసిన దినము సమీపించినప్పుడు ఆ యింట అన్నిటికంటె బరువుగా తోచునవి పుస్తకములు. మంచములు, బీరువాలు లారీ యెక్కును. గిన్నెలు, బట్టలు మూటలలో సర్దుకొనును. ముప్పది యేండ్లుగా స్వస్థలము నుండి తెప్పించుకొన్నవియు, సెలవులలో విజయవాడ ఏలూరు రోడ్డున కొన్నవియు, మిత్రులు చదువ నిచ్చి తిరిగి అడుగుట మరచినవియు నగు పుస్తకములకు మాత్రము చోటు చాలదు. పిల్లలకు తెలుగు మాటాడుట వచ్చును గాని చదువుట రాదు. కడకు వీధిలో కేక వేయుచు పోవు కబాడీవానిని పిలిచి, పాత వార్తాపత్రికలతో పాటు వాటిని కూడ తూకమునకు వేయుదురు. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ మొదలగు ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపిన పిదప ఇట్టి తూకములు ఎన్ని గుమ్మముల ముందు జరిగెనో ఎవరు లెక్క వ్రాసిరి?

ఆ తూకపు సంచి ఎచ్చటికి పోవును? అందలి కాగితమంతయు మిల్లుకు చేరదు. నడుమ నొక మనుష్యుడు నిలిచియుండును. అతడు సంచి విప్పి, అట్టలు త్రిప్పి చూచి, పదింటిలో తొమ్మిదింటిని ప్రక్కకు నెట్టి, ఒకదానిని చంకలో పెట్టుకొనును. ఆ యొక్క పుస్తకమే అతని గ్రాసము. నేటి ప్రసంగము ఆ మనుష్యుని గూర్చినది. ఒకరు వలదనుకొన్న వస్తువును వెదకి తెచ్చి, దాని ఛాయాచిత్రమును అంతర్జాలమున నుంచి, ఎన్నడును చూడని మరియొకరికి అమ్మి బ్రతుకుట నేడొక వృత్తి. బట్టలు, గడియారములు, కెమేరాలు, గ్రామఫోను రికార్డులు అన్నియు నిట్లు అమ్ముడుపోవుచున్నవి. పుస్తకముల సంగతి తెలుగువారికి ఎక్కువ దగ్గరిది గనుక దానినే ముఖ్యముగా గ్రహించుట ఉచితము.

వృత్తి మాత్రము క్రొత్తది కాదు. పాత చీరలు పుచ్చుకొని స్టీలు గిన్నెల నిచ్చు స్త్రీ గంప నెత్తి నిడుకొని తెలుగు వీధులలో తిరుగుట పెద్దలు ఎరుగుదురు. ఆమెతో గీచి గీచి బేరమాడిన గృహిణి ఆ చీర తరువాత ఏ సంతలో ఎవరి ఒంటి మీది కెక్కినదో విచారించి యుండదు. మదరాసు సెంట్రల్ స్టేషను ప్రక్కన 1900 ప్రాంతమున వెలసిన మూర్ మార్కెట్టు, 1985లో అగ్నికి ఆహుతి యగువరకు, పాతపుస్తకములకు ఆటపట్టుగా నుండెను. వావిళ్లవారి ముద్రణాలయమును, ఆంధ్రపత్రిక కార్యాలయమును మదరాసుననే యుండిన దినములలో తెలుగు పుస్తకము అచ్చగుటయు, చదువబడుటయు, పాతపడి మరల అమ్మకమునకు వచ్చుటయు ఒక్క నగరముననే జరుగుచుండెడిది. హైదరాబాదు ఆబిడ్స్, కోఠి ప్రాంతములలో ఆదివారమునాడు మూసియున్న దుకాణముల ముందు పుస్తకములు పరచుట నేటికిని కలదు.

ఢిల్లీలో దర్యాగంజ్ బజారు కథ వేరు. 2019 జూలైలో ఉన్నత న్యాయస్థానపు ఉత్తర్వు ననుసరించి నేతాజీ సుభాష్ మార్గపు కాలిబాట నుండి ఆ వర్తకులను తొలగించిరి. రాకపోకలకు అడ్డమని కారణము. ఆ కారణము అసత్యము కాదు. అచ్చట నడచినవారందరును భుజములు రాచుకొని నడచినవారే. కాని వారమున ఒక్క దినము సంపాదించి ఏడు దినములు భుజించువానికి ఒక ఆదివారము పోవుట సామాన్యమైన నష్టము కాదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆసఫ్ అలీ రోడ్డు చెంత మహిళా హాట్ ఆవరణలో వారికి చోటు చూపిరి. చోటు శుభ్రముగానున్నది. త్రోవన పోవుచు ఆగి కొనువాడు మాత్రము ఆవరణలోనికి రాడు. పుస్తకము కొరకే బయలుదేరినవాడు వచ్చును. ఆ త్రోవన పోవువానిని కోల్పోయిన వర్తకునకు అంతర్జాలమే రెండవ కాలిబాట.

ఆ కాలిబాట పుట్టుక చిత్రమైనది. 1995 సెప్టెంబరులో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అను యువకుడు వేలము పాటల కొక వేదిక తెరచెను. అదియే పిదప ఈబే అయినది. అందు మొదట అమ్ముడుపోయిన వస్తువు చెడిపోయిన లేజర్ పాయింటరు. ధర 14 డాలర్ల 83 సెంట్లు. చెడిపోయినదని తెలిసియే కొన్నవాడు కొనెను, అట్టివాటిని కూడబెట్టుట అతనికి వేడుక గనుక! పాతపుస్తకములకు ప్రత్యేకముగా ఏబ్‌బుక్స్ సంస్థ ఆ 1995లోనే కెనడాలోని విక్టోరియా నగరమున పుట్టి, 2008లో అమెజాన్ వశమైనది. ఈ దేశమున 2000లో వెలసిన బాజీ.కామ్‌ను 2004లో ఈబే కొనెను. ఆ భారతీయ శాఖ 2017లో ఫ్లిప్‌కార్టు చేతికి వచ్చి, 2018లో మూతపడినది. నేడు ఓఎల్ఎక్స్ వంటి ప్రకటన వేదికలును, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పుటలును, వాట్సాప్ బృందములును ఆ పని చేయుచున్నవి. సంస్థలు వచ్చును, పోవును. వాటిని నమ్ముకొని అంగడి పెట్టినవాడు మరల మరల మూట కట్టుకొనవలసినదే. ఈ విషయమున కాలిబాటకును అంతర్జాలమునకును భేదము స్వల్పము.

అసలు మార్పు మరియొకచోట నున్నది. 1924లో ఆరంభమై 1991లో ఆగిన 'భారతి' మాసపత్రిక సంచిక ఒకటి, అట్ట లేనిది, ఢిల్లీ బజారున పది రూపాయలకైనను పోదు. దానిని కోరువాడు అచ్చట లేడు. అతడు అమెరికాలో డల్లాసుననో, బెంగుళూరుననో, తెనాలిలోనో యుండి, తన తాతగారి వ్యాసము అచ్చయిన ఆ యొక్క సంచిక కొరకే ఏండ్లుగా వెదకుచుండవచ్చును. వెనుకటి కాలమున ఈ యిరువురు కలియుట దైవాధీనము. నేడు పత్రిక పేరు, సంపుటము, నెల సరిగా వ్రాసిన నాలుగు పంక్తులు వారిని కలుపును. కాబట్టి ఈ వృత్తికి మూలధనము రూపాయ కాదు, వివరము. తెలుగు లిపి చదువలేని వర్తకుడు ఒక కట్టను 'దక్షిణాది పుస్తకములు' అని యుంచును, ఎవ్వరును కొనరు. చదువగలవాడు అదే కట్టలో ఏది ప్రథమ ముద్రణమో, ఏది పదవ ముద్రణమో, దేనిలో చివరి ఫారము లేదో చెప్పి, పురుగు తిన్న పుటలను కూడ చూపి, పేరు పేరున అమ్మును. లోపము దాచినవానికి పుస్తకము తిరిగివచ్చును, పేరు తిరిగిరాదు.

ఇక ఇందు గ్రాసము నిజముగా గడచునా? లెక్క కట్టి చూచుట మేలు. ఒకడు ఆదివారము ఇరువది పుస్తకములు తలకు 40 రూపాయల చొప్పున కొనెననుకొనుడు. 800 రూపాయలు. రాకపోకలకు, మోతకు 200. పెట్టుబడి 1,000. వాటిలో ఆరు పుస్తకములు నెల లోపల తలకు 250 చొప్పున అమ్ముడుపోయినచో 1,500 వచ్చును. తపాలా కూలి కొన్నవానిదే యైనను అట్ట, టేపు, ప్లాస్టిక్ సంచి ఒక్కొక్కదానికి 15 చొప్పున 90 రూపాయలు పోవును. మిగులు 410. ఒక్కొక్క పుస్తకమును దులిపి, పుటలు లెక్కించి, చిత్రములు తీసి, వివరము వ్రాసి, 'తగ్గింతురా?' అని అడుగువారికి ప్రత్యుత్తరము లిచ్చుటకు ఒక గంట పట్టినచో ఇరువది గంటల శ్రమ. గంటకు ఇరువది రూపాయలు! మిగిలిన పదునాలుగు పుస్తకములు అతని మంచము క్రింద చేరును. వాటిలో నొకటి ఆరు మాసముల పిదప 1,500 రూపాయలకు పోవచ్చును, పోకపోవచ్చును. ఈ పోవచ్చును అను మాట మీదనే వర్తకుని ఆశ వ్రేలాడుచుండును. అమెరికాలో పుస్తకము నొక సెంటుకే అమ్మి, తపాలా కూలిగా పుచ్చుకొన్న 3 డాలర్ల 99 సెంట్లలో మిగిలిన దానితో వ్యాపారము నడపినవారుండిరి. అది వేలకొలది పుస్తకములు గల గిడ్డంగి వ్యాపారము. ఒక గది, ఒక భార్య సహాయము గలవానికి సాధ్యము కాదు.

తపాలా కూలి ఈ వృత్తికి ప్రాణము. చిరకాలముగా నడచిన రిజిస్టర్డు బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోగా, 60 రూపాయల పుస్తకమునకు దానికి మించిన కూలి పెట్టవలసివచ్చి చిన్న వర్తకులు తల పట్టుకొనిరి. 2025 మే 1 నుండి తపాలా శాఖ 'జ్ఞాన్ పోస్ట్' అను సేవను ప్రారంభించెను: 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనము, నేలమార్గమున మాత్రమే. పుస్తకముపై ముద్రాపకుని పేరో, ప్రచురణకర్త పేరో యుండవలెనని నిబంధన. మొదటి పుట చినిగిన పాతపుస్తకము గతి యేమని నిబంధన వ్రాసినవారు యోచించిరో లేదో! ఫైళ్ల మీద నిబంధనలు వ్రాయుటకు అలవాటుపడిన ఈ సభకు ఆ చిక్కు సులభముగ బోధపడును.

చట్టముల సంగతి ముక్తసరిగ చెప్పుకొనిన చాలును. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము చెలామణిలో నున్న ప్రతిని తిరిగి అమ్ముటను నిషేధింపలేదు. దాని నకలు తీసి అమ్ముట మాత్రము, రచయిత జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును గడచువరకు, నేరము. కొందరు పాతపుస్తకమును స్కాను చేసి వాట్సాపున అమ్ముచున్నారు గనుక ఈ మాట అవసరమైనది. ముద్రిత పుస్తకములపై వస్తుసేవల పన్ను లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన కళావస్తువులు, నాణెములు మొదలగునవియు, చారిత్రక సాహిత్య ప్రాముఖ్యము గల వ్రాతప్రతులైనచో 75 ఏండ్లు దాటినవియు పురావస్తువులు. వాటిని అనుమతిపత్రము లేక వ్యాపారము చేయరాదు, విదేశములకు పంపరాదు. అటక మీది తాటాకు కట్టకు డాలర్లలో ధర పలికినదని సంతోషించువారు దీనిని తెలిసికొనవలెను. ఇక సభ్యుల విషయము: 1964 నాటి ప్రవర్తనా నియమావళి 15వ నియమము ముందు అనుమతి లేని వర్తకమును ఉద్యోగికి నిషేధించుచున్నది, కుటుంబ సభ్యుడు వ్యాపారము చేసినచో ప్రభుత్వమునకు తెలుపవలెనని కూడ చెప్పుచున్నది. ఇంటిలోని పాత బీరువా నమ్ముకొనుట వర్తకము కాదు. అమ్ముటకై కొనుట ఆరంభించిన దినమున వర్తకము మొదలగును.

చట్టము పలుకని ప్రశ్న యొకటి కలదు. ఈ వృత్తి యంతయు ఒకనికి తెలిసి మరియొకనికి తెలియకుండుట మీద నిలిచినది. భర్త పోయిన యిల్లాలు సంచి నిండ పుస్తకములు 200 రూపాయల కిచ్చినది. అందొకటి 5,000 పలుకునని కొన్నవాడు చూచినంతనే గ్రహించెను. అతడు చెప్పవలెనా? చెప్పినచో అతని వృత్తి యేమగును? వెదకులాట, బరువు మోయుట, అమ్ముడుపోని పదునాలుగు పుస్తకముల నష్టము అన్నియు ఆ యొక్క లాభముననే పూడవలెను. కబాడీవానివద్ద తూకమునకు కొన్నచో ఏ దోషమును లేదని చెప్పవచ్చును. కొన్నవాడును అమ్మినవాడును వర్తకులే. తనను పండితుడని నమ్మి 'ఏమైన విలువ కలదా, బాబూ?' అని అడిగిన యింట మౌనము వహించుట వేరు. అచ్చట అడిగినది ధర కాదు, సలహా. సలహా యిచ్చుచు సరుకు కొనువాడు రెండు త్రాసులు పట్టుకొన్నవాడు. కొందరు వర్తకులు ఇట్టిచోట కొనక, అమ్మిపెట్టి భాగము పుచ్చుకొందురు. లాభము తగ్గును, కాని మరుసటి సంవత్సరము ఆ వీధిలోని మరియొక యిల్లు వారినే పిలుచును.

అమెరికా, బెంగుళూరుల నుండి కొనువారు ఇప్పుడు క్రొత్త కోరిక కోరుచున్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాను చేయించిన తెలుగు గ్రంథములు వేలకొలది ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా దొరకుచున్నవి. చదువుటకైనచో ఎవ్వరును రూపాయ యియ్య నక్కరలేదు. కాగితమును కోరువాడు అందలి గుర్తులను కోరుచున్నాడు: అట్ట లోపలి గ్రంథాలయ ముద్ర, అంచున పెన్సిలుతో వ్రాసిన అర్థము, పెండ్లి కానుకగా ఇచ్చిన తేదీ. వెనుక వర్తకులు పేరు వ్రాసియున్న మొదటి పుటను చింపి పారవేయువారు, పుస్తకము క్రొత్తదిగా తోచవలెనని. ఇప్పుడు ఆ పుటకే చిత్రము తీసి ముందు చూపుచున్నారు. ఇంటి పేరును మాత్రము కొందరు బొటనవ్రేలితో కప్పి చిత్రము తీయుదురు, ఆ పుస్తకమును తూకమునకు వేసిన కుమారుడు ఎచ్చటనో కూర్చుండి దానిని చూడవచ్చునని.