మందు పనిచేసింది సరే... ఏ స్కేలుతో కొలిచారు?

ఈరోజు టాపిక్ మా ఇంట్లో మొదలైంది. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనవాళ్ళు కీళ్ళవాతం అంటారే, అది. చెకప్‌లో డాక్టర్ గారు "ఎలా ఉందమ్మా?" అంటే "ఫర్వాలేదండీ" అంటుంది. అదే రోజు పొద్దున పచ్చడి సీసా మూత తీయమని నన్ను పిలిచింది! మరి ఈ "ఫర్వాలేదు"ని కొలిచేదెలా?

మందుల ట్రయల్స్‌లో ఎక్కువగా వాడేది హెచ్‌ఏక్యూ. 1980లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ప్రచురించారు. 20 ప్రశ్నలు, 8 గ్రూపులు: బట్టలు వేసుకోవడం, లేవడం, తినడం, నడవడం, ఇలా. ఒక్కో పనికి 0 నుంచి 3 మార్కులు. ఇక్కడ 0 అంటే ఇబ్బంది లేదు, 3 అంటే అసలు చేయలేను. ప్రతి గ్రూపులో అన్నిటికన్నా ఎక్కువ మార్కు తీసుకుని, 8 గ్రూపులకీ యావరేజ్ కడతారు. మా కోడింగ్ భాషలో ముందు మాక్స్, తర్వాత యావరేజ్.

చిక్కు ఇక్కడే ఉంది. పట్టు అనే గ్రూపులో కారు డోరు, సీసా మూత, కుళాయి ఉంటాయి. మూడింటికీ 2 వచ్చింది అనుకోండి. మందు వాడాక డోరు, కుళాయి ఈజీ అయ్యాయి, మూత మాత్రం ఇంకా కష్టమే. స్కోరు? అదే 2! అమ్మకి తేడా తెలుస్తుంది, లెక్కకి తెలియదు. ఇంకోటి, మూత తీసే పరికరం వాడితే స్టాండర్డ్ లెక్కలో ఆ గ్రూపుకి కనీసం 2 వేస్తారు. పని సులువైనా సరే, స్కోరు తగ్గదు.

రెండో స్కేలు ఎస్‌ఎఫ్-36లోని ఫిజికల్ ఫంక్షన్ భాగం. 10 ప్రశ్నలు, 0 నుంచి 100. ఇది రివర్స్, ఎక్కువ వస్తేనే మంచిది. పరిగెత్తడం, బరువులెత్తడం, మెట్లెక్కడం కూడా అడుగుతుంది. అందుకే హెచ్‌ఏక్యూలో 0 వచ్చి "అంతా ఓకే" అనిపించిన మనిషికి ఇక్కడ 100 రాకపోవచ్చు. ఇంటి పనులు చేసుకోగలరు, పరుగు మాత్రం కష్టం. జబ్బు మొదట్లోనే మందు పడినవాళ్ళ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

మూడోది ప్రామిస్. ఇందులో కంప్యూటర్ వెర్షన్ మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుస్తుంది. 50 అంటే అమెరికా జనాభా సగటు.

ఇంకో విషయం. హెచ్‌ఏక్యూలో మాంసం కోయడం, పాల కార్టన్ తెరవడం ఉంటాయి. మన అమ్మలు పాల ప్యాకెట్ కత్తిరిస్తారు, బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. అందుకే 2002లో మనదేశానికి తగ్గట్టు 12 ప్రశ్నల వెర్షన్ ఒకటి వచ్చింది.

కాబట్టి "శారీరక సామర్థ్యం మెరుగైంది" అనే వార్త చూస్తే మూడు అడగండి. ఏ స్కేలు? ఎంత మారింది? ఆ మార్పు మనిషికి తెలిసేంత ఉందా? హెచ్‌ఏక్యూలో 0.22 తగ్గితే తెలిసే మార్పు అని సాధారణంగా లెక్కేస్తారు. కానీ ఒక్క గ్రూపులో ఒక్క మార్కు తగ్గితే మారేది 0.125 మాత్రమే. అంటే కనీసం రెండు మార్కులు తగ్గాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే మందులు మీ అంతట మీరు మార్చకండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు ఏ పని చేయగలుగుతున్నారు, ఏది చేయలేకపోతున్నారు అని రాసి తీసుకెళ్ళండి. మేము పోయినసారి అదే చేశాం. డాక్టర్ గారు ఆ కాగితం చదివి, అమ్మ చేతివేళ్ళు మళ్ళీ ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. "ఫర్వాలేదు" అన్నప్పుడు ఎప్పుడూ అలా చూడలేదు.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!