తలుపు సందులో వేళ్ళు: ఆసుపత్రి డ్యూటీలో ఉన్న మనవాళ్ళకి

ఇవాళ మాట్లాడేది తలుపుల గురించి. నవ్వకండి. అమెరికా ఆసుపత్రుల్లో నర్సులుగా, హౌస్‌కీపింగ్‌లో, కిచెన్‌లో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. నాది పేషెంట్లని బెడ్ మీద తోసుకెళ్ళే పని. షిఫ్టులో ఎన్ని తలుపులు దాటుతానో లెక్కే లేదు.

మన ఇంటి తలుపు మనం వేస్తేనే పడుతుంది. ఆసుపత్రిలో చాలా తలుపులు మంటని, పొగని ఆపడానికి పెట్టినవి. అవి వాటంతట అవే మూసుకోవాలి. పైనుండే డోర్ క్లోజర్ ఆ పని చేస్తుంది. అందులో నూనె కారిపోతే తలుపు దబ్బున పడుతుంది. ఏడీఏ 2010 ప్రమాణాల ప్రకారం, క్లోజర్ ఉన్న తలుపు 90 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకి రావడానికి కనీసం 5 సెకన్లు పట్టాలి. మనసులో ఐదు లెక్కపెట్టి చూడండి. ముందే వచ్చేస్తుంటే మెయింటెనెన్స్‌కి వర్క్ ఆర్డర్ పెట్టండి. స్క్రూ మనం తిప్పొద్దు, కింద చెక్కముక్కా పెట్టొద్దు. మంటలొస్తే కాపాడేది ఆ తలుపే.

అసలు ప్రమాదం కీలు వైపు సందులో ఉంది. తలుపు వెడల్పు 36 అంగుళాలు అనుకోండి. చివర్లో 5 పౌండ్ల బలంతో నెడితే, కీలుకి అంగుళం దూరంలో ఉన్న వేలి మీద దాదాపు 180 పౌండ్లు పడుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటామే, అచ్చం అదే. విజిటర్లతో వచ్చే చిన్నపిల్లలు చెయ్యి పెట్టేదీ అక్కడే. అందుకే పిల్లల వార్డులో ఆ సందుకి ఫింగర్ గార్డ్ కావాలని అడగండి. ఫైర్ డోర్‌కి పనికొచ్చే రకమే వెయ్యాలి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. ఐసొలేషన్ గదుల్లో గాలి ఒత్తిడి తేడా వల్ల తలుపు అనుకున్నదానికన్నా గట్టిగా పడొచ్చు. కారిడార్‌లో మ్యాగ్నెట్ పట్టి ఉంచే తలుపులు ఫైర్ అలారం మోగగానే కదిలొస్తాయి.

బెడ్ తోసేటప్పుడు పక్క రెయిల్ పట్టుకోవద్దు, వెనకున్న హ్యాండిల్ పట్టుకోండి. గుమ్మం దాటేముందు "చేతులు లోపలికి పెట్టుకోండి" అని పేషెంట్‌కి చెప్పండి.

వేలు నలిగితే వాపు రాకముందే ఉంగరం తీసేయండి. కొస తెగితే దాన్ని తడిపిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసు మీద పెట్టండి. నేరుగా ఐసులో వెయ్యొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి పొండి.

ఇప్పుడు అసలు సంగతి. చెబితే ఉద్యోగం పోతుందేమో, వీసాకి ఇబ్బందవుతుందేమో అని మనవాళ్ళు కట్టు కట్టుకుని ఊరుకుంటారు. అలా చెయ్యొద్దండీ. అదే రోజు సూపర్‌వైజర్‌కి రాతలో ఇవ్వండి, కాపీ దగ్గర పెట్టుకోండి. గాయం కాగితం మీద లేకపోతే తర్వాత వర్కర్స్ కాంపెన్సేషన్ అడగడం కష్టం. ఆ రూల్స్ రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో చాలామంది ప్రైవేటు యజమానులకి అది తప్పనిసరి కాదు కాబట్టి, అక్కడున్నవాళ్ళు ముందే కనుక్కోండి. ఓషా రూల్ ప్రకారం వేలికొస తెగినా యజమాని 24 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి. గాయం సంగతి చెప్పినందుకు మీ మీద కక్ష సాధిస్తే, 30 రోజుల్లోగా ఓషాకి ఫిర్యాదు చెయ్యొచ్చు. నంబర్ 1-800-321-6742.

ఈ వారం మీ ఫ్లోర్‌లో ఒక్క తలుపుకి ఐదు లెక్కపెట్టి, ఏమైందో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.