విదేశములలో ఆంగ్లబోధన: సక్రమమార్గము



అలిపిరిలో మొదటి మెట్టు విడిచి కాలినడకను కొండ నెక్కజూచువాడు లేడు. విదేశములలో ఆంగ్లమును బోధింపగోరు మన బిడ్డల యాత్రయు నట్టిదే. థాయిలాండునే చూడుడు: అచట బోధించుటకు నాన్-ఇమిగ్రెంట్ 'బి' వీసాయు, పని అనుమతిపత్రమును రెండును వలయును. పర్యాటక వీసాతో పోయి పాఠము చెప్పువాడు, ఎంతటి పట్టభద్రుడైనను, చట్టము దృష్టిలో నేరస్థుడే. జీత మెగవేసినను ఫిర్యాదు చేయ వెఱచును. కావున "ముందు వెళ్లుము, వీసా పిదప చూతము" అను దళారి మాట నమ్మి పొలము తాకట్టు పెట్టవలదు. మన దేశపు 1983 వలస చట్టము ననుసరించి నియామకపు టేజెంటునకు రిజిస్ట్రేషను ఉండితీరవలెను. నియామకపత్రము, వీసా తరగతి, ఏజెంటు రిజిస్ట్రేషను, ఈ మూడును సరిచూడక పైక మీయకుడు. మనలోని చదువరులు తమ తమ గ్రామములం దీ పరిశీలనాభారమును వహించినచో, ఒక్క కుటుంబపు భూమి నిలిచినను ఈ మహాసభ సార్థకమైనట్లే యని మేము తలంచుచున్నాము.