ఆ రాత్రి వంతు ఎవరిది?



లూకా సువార్త మొదటి అధ్యాయం 8, 9 వచనాలు తెరచి చూడండి. యాజకుడైన జెకర్యా తన తరగతి వంతు వచ్చి దేవాలయంలో పని చేస్తుండగా, ధూపం వేయడానికి చీటి అతని పేరున వచ్చింది. లూకా చెప్పిన క్రిస్మస్ వృత్తాంతం ఒక డ్యూటీ వంతుతో మొదలైందని ఎప్పుడైనా గమనించారా?

ఆ వంతులు దావీదు కాలంలో ఏర్పడ్డాయి. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 24వ అధ్యాయంలో యాజకులకు 24 తరగతులు, 25వ అధ్యాయంలో గాయకులకు 24 వంతులు కనిపిస్తాయి. ఆ గాయకులలో గురువుకూ శిష్యునికీ ఒకే విధంగా చీట్లు వేశారు.

మన విశాఖపట్నంలో షిఫ్టు అంటే తెలియని వారెవరు? ఉక్కు కర్మాగారంలో పండుగ వచ్చిందని కోక్ ఓవెన్లను చల్లార్చలేము. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. 1933లో ప్రారంభమైన మన ఓడరేవులో ఓడ చేరిందంటే రాత్రయినా సరుకు దించాలి. కనుక డిసెంబరు 24 రాత్రి ఎవరో ఒకరు పనికి వెళ్లవలసిందే. ఎవరు వెళ్లాలి?

ఒకప్పుడు నేను ఒకచోట డ్యూటీ చార్టు వ్రాసేవాడిని. వరుసగా మూడేళ్లు ఆ రాత్రికి ఒకే తమ్ముని పేరు వ్రాశాను. అతడు కాంట్రాక్టు కార్మికుడు, ఎదురు చెప్పడు. మూడవ యేట అతని భార్య పిల్లలతో గుడికి వచ్చి, "వందనాలు అన్నయ్యా, ఆయన డ్యూటీకి వెళ్లారు, ఆయన కోసం ప్రార్థన చేయండి" అన్నది. చార్టు వ్రాసింది నేనేనని ఆమెకు తెలియదు. ప్రార్థన అవసరమైనది నాకే!

సహోదరులారా, చార్టు మీ చేతిలో ఉన్నదా? నిరుటి చార్టు ముందు పెట్టుకోండి. నిరుడు ఆ రాత్రి పని చేసినవారికి ఈ యేడు సెలవివ్వండి. మిగిలినవారికి పర్మనెంటు, కాంట్రాక్టు భేదం లేకుండా చీట్లు వేయండి. మీ పేరు కూడా అందులో ఉండాలి. మన పండుగకు మనకు బదులు నిలిచిన హిందూ సహోదరునికి సంక్రాంతినాడు, ముస్లిం సహోదరునికి రంజాన్‌నాడు మనం నిలబడాలి. సంఘ కాపరులారా, ఉదయం షిఫ్టు దిగి వచ్చేవారికి అందే వేళకు ఒక ఆరాధన పెట్టండి.

వంతు మీకే వచ్చిందా? దిగులుపడకండి. రక్షకుని వార్త మొదట అందింది రాత్రివేళ మందను కాస్తున్న కాపరులకే. అయితే చార్టు వ్రాసే అన్నా, ఈ ఓదార్పు మాట చూపి నీ బరువు ఇంకొకరి మీద వేయకు.

న్యాయవంతుడైన దేవుడు మిమ్మును, మీ చేతి పనిని దీవించును గాక. ఆమేన్.