వైద్యుడు దారి మార్చుకొన్నచో

హనుమాన్ జంక్షన్‌లో నిలిచి చూచినవారికి పలు దిక్కులకు దారులు కనబడును. ఒకటి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు. ఇచ్చట దారి మార్చిన ప్రయాణికుని ఎవరును నిందింపరు. కాని వైద్యుడొకడు నడివయస్సున వృత్తిలో దారి మార్చుకొనదలచినచో, "ఇంత చదువు చదివి ఇదేమి బుద్ధి?" అని ఇంటివారే ముందుగా అందురు. ఈ నింద ఎంతవరకు న్యాయమో నేడు మనము విచారింతము.

పెద్ద రహదారుల వెంటనున్న ఆసుపత్రులలో అత్యవసర వైద్యుని పని మిక్కిలి కఠినమైనది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. 2009లో భారత వైద్య మండలి అత్యవసర వైద్యమును ప్రత్యేక శాఖగా గుర్తించినది. ఈ శాఖలోని వైద్యుడు నిమిషములలో నిర్ణయము చేయవలెను. ఒక ప్రాణము నిలిపిన వెంటనే మరియొక మంచము వద్దకు పోవలెను. ఇరువది యెనిమిదేండ్లకు మోసిన రాత్రి డ్యూటీలను నలుబది యెనిమిదేండ్లకు మోయుట సులభము కాదు. పనివలన కలుగు ఇట్టి తీవ్రమైన బడలికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తిసంబంధమైన స్థితిగా తన వర్గీకరణలో చేర్చుకొన్నది. కావున దీనిని సోమరితనమని కొట్టివేయరాదు.

దారి మార్చిన వైద్యులు మన ప్రాంతమునకు కొత్తవారు కారు. ఏలూరు అవతలి గుండుగొలనులో 1880లో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యవిద్య ముగించి బందరులో ప్రాక్టీసు పెట్టినారు. మంచి రాబడిగల ఆ ప్రాక్టీసును విడిచి స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించినారు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినారు. 1948లో జయపుర కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. రోగి నాడి చూచిన చేయి జనుల ఆర్థికస్థితిని పరీక్షింపబూనినదని మేము తలంతుము.

వైద్యమును విడువకయే దారి మార్చినవారును కలరు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించిన కాకర్ల సుబ్బారావుగారు రేడియాలజీలో అమెరికాలో పేరుపొందినారు. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, వారి పిలుపుపై హైదరాబాదునకు వచ్చి నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరైనారు. ఎక్సురే చిత్రములను చదువుట వేరు, ఒక సంస్థను నడుపుట వేరు. అయినను రెండవదానికి మొదటిది అడ్డు కాలేదు, ఆధారమైనది.

అట్లని ప్రతి మార్పును మెచ్చుకొనవలెనని మా అభిప్రాయము కాదు. వైద్యుడు లేచిపోయిన కుర్చీ ఖాళీగా నుండినచో దాని ఫలమును అనుభవించువాడు అర్ధరాత్రి వచ్చిన రోగియే. కనుక దారి మార్చువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. తనను బాధించునది వైద్యమా, లేక డ్యూటీల ఏర్పాటా? తాను విడిచిన స్థానమున ఎవరు నిలుతురు? నేర్చినదానిలో ఏది వెంట తీసికొనిపోవచ్చును? మొదటి ప్రశ్నకు సమాధానము డ్యూటీలే అయినచో, మారవలసినది వైద్యుడు కాదు, ఆసుపత్రి. నలుబదియైదు దాటినవారికి రాత్రులు తగ్గించి, పిన్నలకు బోధించు పని అప్పగించిన ఆసుపత్రి అనుభవజ్ఞుని పోగొట్టుకొనదు.

అట్లుగాక మారవలసివచ్చినచో కోపముతో ఒక్కనాట రాజీనామా పడవేయుటకంటె, ముందుగా వారమునకు ఒకటి రెండు పూటలు కొత్త పని చేసి చూచుట మేలు. బోధన, ప్రజారోగ్యము, కుటుంబవైద్యము, ఆసుపత్రి నిర్వహణ: ఈ ద్వారములన్నియు అనుభవముగల వైద్యునికి తెరచియే యున్నవి. ఇంటి ఖర్చులకు కొన్ని నెలల సొమ్ము చేతనుంచుకొనుటయు, వైద్య మండలిలో నమోదును విడువకుండుటయు వివేకము.

శ్రోతలలో వైద్యుల తల్లిదండ్రులు, భార్యలు, భర్తలు అనేకులుందురు. వారికి మా మనవి ఒక్కటే. "చదువు వృథా చేసితివి" అను మాటకు ముందు "ఎన్ని రాత్రులు నిద్రించితివి?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబును బట్టి మిగిలిన సంభాషణ సాగవలెను.