మన పిల్లల వీడియోలు : అనుమతుల మాట
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గడచిన వార్షికోత్సవంలో మన తొమ్మిదవ తరగతి విద్యార్థినులు సెల్‌ఫోనుతో నిర్మించిన పన్నెండు నిమిషాల చిత్రాన్ని మీరు ఈ హాలులోనే తిలకించారు. షోలాపూరులో బీడీలు చుట్టి కుటుంబాన్ని పోషించిన ఒక అవ్వ కథ అది. తునికాకును తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టే ఆ వేళ్ల వేగాన్ని పిల్లలు చక్కగా పట్టుకున్నారు. దానిని యూట్యూబులో పెట్టమని మీలో పలువురు కోరారు. ఇన్నాళ్లు ఎందుకు పెట్టలేదో విన్నవించటమే నా ప్రసంగ విషయం.

మొదటి చిక్కు పాట. చిత్రం వెనుక ఒక సినిమా పాట వినిపించింది. పాఠశాల కార్యక్రమంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు, పాఠశాలతో సంబంధం గలవారు మాత్రమే ప్రేక్షకులైనప్పుడు చలనచిత్రాన్ని, ధ్వనిముద్రణను ప్రదర్శించటానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను వెసులుబాటు కల్పించింది. ఆ వెసులుబాటు ఈ హాలు గడప దాటదు. చివర సినిమా పేరు వేసి కృతజ్ఞతలు చెబితే సరిపోతుందని పిల్లలు అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. కృతజ్ఞత వేరు, అనుమతి వేరు. పాటలో సాహిత్యానికి, సంగీతానికి, ధ్వనిముద్రణకు వేర్వేరు హక్కులుంటాయి.

రచనలకు లెక్క సులభం. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. 1915లో కీర్తిశేషులైన గురజాడ గేయాన్ని మన పిల్లలు స్వయంగా పాడుకోవచ్చు. 1983లో మరణించిన శ్రీశ్రీ కవితకు 2043 చివరి వరకు అనుమతి కావాలి. చివరకు పాట తీసివేసి, పక్క వీధిలోని సాంచాల చప్పుడును రికార్డు చేసి పెట్టారు. పాటకంటె అదే బాగున్నది.

రెండవ చిక్కు ముఖాలది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది. ప్రవేశ సమయంలో చేసిన సంతకాన్నే అన్నింటికీ సమ్మతిగా వాడుకోవటం నాకు న్యాయంగా తోచలేదు. ఏ చిత్రం, ఎక్కడ, ఎంతకాలం ఉంటుందో తెలుగులోను, మరాఠీలోను వ్రాసి ఇళ్లకు పంపాము. వాకిట్లో ఆడుకొంటున్న పొరుగు పిల్లల ముఖాలను, బ్యాడ్జీ మీది పేర్లను, ఇంటి నంబరును కనబడకుండా చేశాము.

మూడవది నా పొరపాటు. అవ్వకు చదువు రాదు గనుక ఆమె కుమారుని చేత సంతకం చేయించాను. యూట్యూబులో పెట్టేముందు పిల్లలు ఆమెకు చిత్రం చూపించారు. బీడీలు చుడుతూ, మనుమరాలితో మాట్లాడుతున్న ధోరణిలో, పెనిమిటి తాగుడు గురించి, తాకట్టులో పోయిన పుస్తెల గురించి ఆమె చెప్పిన రెండు నిమిషాలు అందులో ఉన్నాయి. చూసి ఆమె అన్నమాట ఇది: "నా కష్టం నీకు జెప్పిన బిడ్డా, ఊరంతటికి జెప్పిన్నా?"

చిత్రానికి ఆ రెండు నిమిషాలే ప్రాణం. తీసివేయాలనగానే చిత్రీకరించిన అమ్మాయి ఏడ్చింది. ముఖం కనబడకుండా గొంతు మాత్రం ఉంచుదామన్నది. షోలాపూరు తెలుగు వాడలలో గొంతు వినగానే మనిషిని గుర్తుపడతారని అవ్వే చెప్పింది. హాలులో మీ అందరి ఎదుట అది ఒకసారి ప్రదర్శితమైనందుకు నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాను. ఇప్పుడు ఎవరి మాట చిత్రంలో ఉంటే వారికే పత్రం చదివి వినిపించి, చిత్రీకరణకు ముందొకసారి, కూర్పు పూర్తయ్యాక మరొకసారి అడుగుతున్నాము. అన్నట్లు, వ్యాఖ్యానం వ్రాసిన విద్యార్థిని కూడా ఆ రచనకు కర్త్రి. ఆమెను, ఆమె తల్లిదండ్రులను సైతం అడిగాము.

పది నిమిషాల చిత్రం రేపు యూట్యూబులో వెలువడుతుంది. మిగిలిన రెండు నిమిషాలు మనుమరాలి ఫోనులో ఉన్నాయి. వాటిని ఏమి చేయాలన్నది అవ్వ ఇష్టం.