వీడియో చిత్రములు – సంఘసేవ
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)





కథ చెప్పుట పలనాటివారికి క్రొత్త విద్య కాదు. ఏటేట కార్తికమాసమున కారెంపూడిలో వీరవిద్యావంతులు పాడు వీరగాథను వినుచునే మన పెద్దలు పెరిగిరి. ఆ గాథయే 1947లో "పల్నాటి యుద్ధం" అను చలనచిత్రమై తెర కెక్కెను. 2005లో యూట్యూబు పుట్టెను; 2016 తరువాత ఇంటర్నెట్టు చౌకయయ్యెను. నేడు తెర మన యరచేతిలోనే యున్నది.

అయినను సాధనము చేతనుండుట వేఱు, దానిచే మేలు చేయుట వేఱు. సంఘములవారు పెట్టు చిత్రములలో బెక్కు సన్మానములు, శాలువలు, పూలదండలే. వానిని జూచువారును అందు గనబడువారే! విద్యార్థివేతనమునకు దరఖాస్తు ఎట్లు పెట్టవలెను? ఏయే పత్రములు కావలెను? వసతిగృహమున జోటు ఎవరి నడుగవలెను? ఇవి తెలియక దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతముల పిల్లలు చదువు మానుకొన్నచో ఆ నష్టమును ఏ శాలువయు దీర్చజాలదు. వారికి గావలసినది అయిదు నిమిషముల చిత్రము మాత్రమే.

ఇందుకు దృష్టాంతములు గలవు. జహీరాబాదు చెంత పస్తాపూరులో దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి దళితస్త్రీలు, చదువు రానివారయ్యు, కెమెరా చేతబట్టి తమ విత్తనముల కథను, బి.టి. ప్రత్తి వేసిన వరంగల్లు రైతుల గోడును లోకమునకు జూపిరి. బెంగుళూరులో 2006లో నారంభమైన డిజిటల్ గ్రీన్‌వారు రైతుచేతనే సేద్యపు మెలకువలు చెప్పించి, చిత్రము దీసి, తోడి రైతులకు జూపిరి. చూపువారు నడుమ నడుమ చిత్రము నాపి ప్రశ్నలడిగి సందేహములు దీర్చెదరు. దూరపు పండితుని మాటకంటె తనవంటివాని మాట మనస్సున నాటును. ఇదియే యందలి కీలకము.

కావున మా మనవి యిది. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కటే విషయ ముండవలెను. మాట మన పలనాటి మాటగ నుండవలెను. బొమ్మకంటె ధ్వని ముఖ్యము గనుక, చొక్కాకు దగిలించు చిన్న మైకు తప్పక కొనవలెను. వాట్సాపున పంపి యూరకుండక, ఊరూర పదిమందిని జేర్చి చూపి, ప్రశ్నలకు బదులు చెప్పవలెను. దాతల ధన మెట్లు వ్యయమైనదో యేటేట చిత్రమున లెక్క జెప్పవలెను. అప్పుడు విదేశములందలి మనవారికిని నమ్మకము గలుగును.

రెండు హెచ్చరికలు. సహాయ మందుకొను బాలుని, విధవరాలిని కెమెరా యెదుట నిలిపి వారి పేదరికమును ఊరంతకు జాటరాదు. దానమున గౌరవము పోయినచో అది దానము కాదు. మఱియు నన్యకులములను కించపఱచు మాట యొక్కటియు మన చిత్రములందు రారాదు. పగలచే పలనాడు చాలినంత నష్టపడినది. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని చెప్పుకొను గడ్డ యిది!

నరసరావుపేట, గురజాల, మాచర్లలనుండి యొక్కొక్క యువకుని, యొక్కొక్క యువతిని ఎన్నుకొని ఈ పనియందు శిక్షణ మిప్పింప పోషకమహాశయులు పూనుకొందురుగాక! వచ్చు మహాసభనాటికి ఎందఱు పిల్లలు చిత్రము జూచి దరఖాస్తు పెట్టిరో యా లెక్కయే మన విజయమునకు గొలతగ నుండవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.